సింగిల్ వింగ్ నేర్పడం ఎలా: అమెరికన్ ఫుట్‌బాల్‌లోని పాత వ్యూహానికి సమగ్ర మార్గదర్శి

టీ ఫార్మేషన్ అనే అమరికలో, బంతిని మొదట అందుకునే క్వార్టర్‌బ్యాక్ దాన్ని వెనకవాడి చేతికి అందించాడంటే ఆ ఆటలో (బంతి ఒకసారి కదిలి ఆగేదాకా సాగే ఒక్క ఎత్తులో) అతని పని దాదాపు అయిపోయినట్టే. ఒకడు బంతితో పరుగెత్తుతుంటే, ఇంకొకడు అందించి ఆగిపోతే, ఎదుటివాళ్లను అడ్డుకోవడానికి మిగిలేది తొమ్మిది మందే. అవతల మాత్రం పదకొండు మంది. సింగిల్ వింగ్ ఈ లెక్కనే మార్చేస్తుంది. ముందు వరుసలో బంతి దగ్గర నిలబడే సెంటర్ దాన్ని నేరుగా పరుగెత్తేవాడికే విసురుతాడు, మిగతా పది మందీ బ్లాక్ చేస్తారు, అంటే ఎదుటివాళ్లను ఒంటితో అడ్డుకుంటారు. ఖాళీగా నిలబడేవాడు ఒక్కడూ ఉండడు. ఈ వ్యూహంలో మీరు నేర్పే ప్రతి అడుగూ ఆ పదో మనిషిని పనిలో పెట్టడానికే. అతన్ని వృథా చేసిన రోజున ఇది పాత బొమ్మగానే మిగిలిపోతుంది.

దీన్ని రూపొందించింది గ్లెన్ పాప్ వార్నర్. పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్లో అమెరికా ఆదివాసీ కుర్రాళ్లకు కోచ్‌గా ఉన్న రోజుల్లో, 1906లో ముందుకు పాస్ విసరడం చట్టబద్ధమైన తర్వాత, ఆయన చేతిలో ఇది రూపు దిద్దుకుంది. వార్నర్ ఆటగాళ్లు చాలామంది ఎదుటి కాలేజీల వాళ్లకంటే తేలికైనవాళ్లు. ఎదురెదురుగా ఢీకొంటే వాళ్లు నిలవలేరు. పక్క నుంచి, ఇద్దరు కలిసి ఒకణ్ని నెడితే నిలుస్తారు. 1912లో ప్రఖ్యాత ఆటగాడు జిమ్ థోర్ప్ ఉన్న ఆ జట్టు వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఆర్మీ జట్టును 27-6తో ఓడించింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు దేశంలో ఎక్కువ జట్లు ఆడింది ఇదే. 1940లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఛాంపియన్‌షిప్ ఆటలో షికాగో బేర్స్ టీ ఫార్మేషన్‌తో వాషింగ్టన్‌ను 73-0తో చిత్తు చేశాక గాలి మారింది. అయినా కాలేజీ ఆటలో, టెనసీలో రాబర్ట్ నేలండ్ జట్టు 1951లో, యూసీఎల్‌ఏలో రెడ్ శాండర్స్ జట్టు 1954లో జాతీయ ఛాంపియన్లుగా నిలిచింది ఈ వ్యూహంతోనే. 1951లో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న ప్రిన్స్‌టన్ ఆటగాడు డిక్ కాజ్మయర్ సింగిల్ వింగ్ టెయిల్‌బ్యాక్, అంటే బంతిని ఎక్కువగా అందుకునేవాడు. 2008 సెప్టెంబరులో మయామీ డాల్ఫిన్స్ బంతిని నేరుగా పరుగెత్తే ఆటగాడు రానీ బ్రౌన్‌కు స్నాప్ చేసి (సెంటర్ కాళ్ల మధ్య నుంచి వెనక్కి వేసి) న్యూ ఇంగ్లండ్‌ను 38-13తో ఓడించినప్పుడు అందరూ దాన్ని వైల్డ్‌క్యాట్ అన్నారు. దాని ఎముకల గూడు ఇదే.

ఇవాళ దీనికి సరైన చోటు పిల్లల జట్లు, స్కూలు జట్లు. నమ్మకంగా పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ దొరకని జట్టు, లైన్‌లో బరువైన పిల్లలు లేని జట్టు, ఒకరిద్దరు చురుకైన పిల్లలు మాత్రమే ఉన్న జట్టు దీన్ని ఎంచుకోవచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లవాణ్ని పాప్ వార్నర్ లీగ్‌లో చేర్పించి, కోచ్‌కు సాయంగా మైదానంలో దిగే తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట: మీ లీగ్ పేరు ఈ వ్యూహం కనిపెట్టిన మనిషిదే. పడగొట్టే బదులు నడుముకు కట్టిన జెండా లాగే ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కు మాత్రం దీన్ని తీసుకెళ్లకండి. ఐదుగురి ఫ్లాగ్ ఆటలో బ్లాక్ చేయనివ్వరు కాబట్టి ఇందులోని బలమంతా పోతుంది.

ఎవరు ఎక్కడ నిలబడాలి

కొలతలన్నీ గజాల్లో చెప్తున్నాం. మైదానం మీద గీతలు కూడా గజాల్లోనే ఉంటాయి. ఒక గజం అంటే 3 అడుగులు. కింద చెప్పేదంతా కుడివైపు బరువుగా నిలబడే అమరిక. ఎడమకు నేర్పాలంటే అద్దంలో చూసినట్టు తిప్పుకోండి.

సింగిల్ వింగ్ లైన్, అంటే ముందు వరుసలో నిలబడే ఏడుగురు, సమానంగా ఉండదు. సెంటర్‌కు ఎడమ పక్కన ఇద్దరే ఉంటారు: ఒక గార్డ్, అతని పక్కన ఎండ్. ఇది తేలిక వైపు. కుడి పక్కన నలుగురు ఉంటారు: గార్డ్, లోపలి టాకిల్, బయటి టాకిల్, ఎండ్. ఇది బరువు వైపు. మధ్యలో జానెడుకు మించి ఖాళీ వద్దు. ఒకడి షూ పక్కవాడి షూకి దాదాపు తగలాలి. కొత్త కోచ్‌లకు ఇది ఇరుగ్గా అనిపించి పిల్లల్ని దూరం జరుపుతారు. ఖాళీ పెరిగిన కొద్దీ ఆ సందులోంచి ఎదుటివాడు దూరిపోతాడు. ఇక్కడ గార్డ్ తన చోటు వదిలి పరుగెత్తాలి కాబట్టి ఆ సందు మరింత పెద్దదవుతుంది.

టెయిల్‌బ్యాక్ సెంటర్‌కు సూటిగా వెనక 5 గజాల దూరంలో ఉంటాడు. మోకాళ్లు కొద్దిగా వంచి, చేతులు మోకాళ్ల ముందు వదులుగా వేలాడేసి, అరచేతులు బంతి వైపు తిప్పి ఉంచాలి. ఫుల్‌బ్యాక్ బరువు వైపు గార్డ్‌కు వెనక, 4 గజాల దూరంలో ఉంటాడు, అంటే టెయిల్‌బ్యాక్ కంటే ఒక గజం ముందు, చేయి చాస్తే అందేంత పక్కన. నిలబడే తీరు ఇద్దరిదీ ఒకేలా ఉండాలి. బంతి ఎవరికి వస్తుందో ఎదుటివాళ్లకు వాళ్ల ఒళ్లు చూసి తెలియకూడదు.

బ్లాకింగ్ బ్యాక్‌ను పాత రోజుల్లో క్వార్టర్‌బ్యాక్ అనేవాళ్లు. అతని స్థానం బరువు వైపు గార్డ్‌కు, లోపలి టాకిల్‌కు మధ్య ఉన్న సందుకు వెనక ఒకటిన్నర గజం. ఈ కొలత దగ్గర జాగ్రత్తగా ఉండండి. పిల్లవాడు తెలియకుండానే సెంటర్ వైపు ఒకటి రెండు అడుగులు జరుగుతాడు, ఫుల్‌బ్యాక్‌కు వెళ్లే బంతి అతని తుంటికి తగులుతుంది. అలా పడిపోయిన బంతికి అందరూ సెంటర్‌ను తిడతారు. తప్పు నిలబడ్డవాడిది.

వింగ్‌బ్యాక్ బరువు వైపు ఎండ్‌కు ఒక గజం వెనక, ఒక గజం బయట ఉంటాడు, ఒళ్లు 45 డిగ్రీలు లోపలికి తిప్పి. ఈ వ్యూహానికి పేరు తెచ్చిన రెక్క ఇతనే. ఎదుటి లైన్‌లో లోపలివైపు నిలబడే డిఫెన్సివ్ టాకిల్‌కు అతను పక్క నుంచి కనిపిస్తాడు. ముందు నుంచి వచ్చేవాణ్ని కాళ్లూని ఆపొచ్చు కానీ పక్కటెముకల వైపు వచ్చేవాణ్ని ఆపడం కష్టం. అయితే వింగ్‌బ్యాక్‌ను బాగా బయటికి జరిపితే, ఎండ్‌తో కలిసి ఆ టాకిల్‌ను నెట్టడానికి సమయానికి అందడు. మరీ లోపలికి జరిపితే కోణం పోయి ఎండ్‌తో గుద్దుకుంటాడు. మరీ ముందుకు జరిగితే లైన్‌లో ఉన్నట్టు లెక్కేసి రెఫరీ జెండా వేస్తాడు (తప్పు జరిగిందని ప్రకటిస్తాడు), పైగా ఎండ్ పాస్ పట్టే అర్హత కోల్పోతాడు. వింగ్‌బ్యాక్ తల ఎండ్ నడుము గీతను దాటకుండా చూడండి.

స్నాప్: వ్యూహమంతా దీని మీదే

చాలా జట్లు సింగిల్ వింగ్‌ను వదిలేసేది మొదటి రెండు వారాల్లో, బంతులు నేల మీద దొర్లుతుంటే చూడలేక. అందుకే మిగతాదేదీ మొదలుపెట్టకముందే ఇద్దరు సెంటర్లను ఎంచుకోండి. జట్టులో అందరికంటే పెద్దవాణ్ని కాదు, ఓపికున్నవాణ్ని, చేతులు నిలకడగా ఉన్నవాణ్ని.

గిరగిరా తిరిగే స్నాప్ వద్దు. అది వేగంగా వస్తుంది, గట్టిగా తగులుతుంది, కదులుతూ పట్టుకునేవాడి చేతుల్లోంచి జారిపోతుంది. తిరగకుండా తేలుతూ వచ్చే స్నాప్ నేర్పండి. దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది: సెంటర్ బంతి ముందు మొనను కుడి చేత్తో పట్టుకుంటాడు, బొటనవేలు ఒక పక్కన, మిగతా వేళ్లు మరో పక్కన. మణికట్టు బిగించి ఉంచుతాడు. ఎడమ చేయి మోకాలి మీద ఉంటుంది. భుజం నుంచి చేయంతా ఒకే ముక్కగా, గడియారం లోలకంలా కాళ్ల మధ్య నుంచి వెనక్కి ఊగుతుంది. మోచేయి వంగదు, మణికట్టు విదలదు. చేయి ఇక వెనక్కి పోలేని చోట వేళ్లు వదిలేస్తాయి. బంతి తిరగకుండా, మొన కొద్దిగా పైకి లేచి, గాల్లో ఈదినట్టు వెళ్తుంది. మణికట్టు విదిల్చిన మరుక్షణం బంతి టెయిల్‌బ్యాక్ తలపై నుంచి పోతుంది. నెత్తి మీదుగా పోయే స్నాప్‌కు పదిలో తొమ్మిదిసార్లు కారణం ఆ విదిలింపే. స్నాప్ నేల మీద పడుతుంటే తుంటి మరీ కిందికి దిగి, చేయి ఊగడానికి చోటు లేకపోయిందని అర్థం.

గురి కూడా అంతే ముఖ్యం. టెయిల్‌బ్యాక్ కుడికి పరుగెత్తే ఆటలో బంతి అతని కుడి మోకాలికి కొద్దిగా బయటికి, మోకాలికీ నడుముకీ మధ్య ఎత్తులో రావాలి. అతను మొదటి అడుగు వేసే చోటుకే బంతి చేరుతుంది, ఆగి పట్టుకునే పని ఉండదు. ఎడమకు పరుగెత్తితే ఎడమ మోకాలి బయటికి. ఫుల్‌బ్యాక్‌కు అయితే సూటిగా బొడ్డు మీదికి. మొదటి వారం సెంటర్‌ను కాళ్ల మధ్య నుంచి వెనక్కి చూడనివ్వండి. గురి కుదిరాక తల పైకెత్తి, చూడకుండా వేయడం నేర్పండి, ఎందుకంటే తల దించుకుని ఉన్న సెంటర్ బ్లాక్ చేసే సమయానికి ఎదుటివాడు అతన్ని దాటేసి ఉంటాడు.

ప్రతి సాధనకూ ముందు ఇద్దరు సెంటర్లూ చెరో 50 స్నాప్‌లు వేయాలి. ఎవరో ఒకరికి కాదు, అసలు టెయిల్‌బ్యాక్‌కు, ఫుల్‌బ్యాక్‌కే. వారానికి ఒక రోజు బంతిని బకెట్ నీళ్లలో ముంచి ఇవ్వండి. అక్టోబరు వానలో ఆడే ఆటను ఆగస్టు ఎండలో సాధన చేయాలంటే వేరే దారి లేదు.

బ్లాక్ చేసే నియమం ఒక్కటే

లైన్‌లోని పిల్లలకు ప్రతి డిఫెన్స్‌కూ ఒక కొత్త బొమ్మ గీసి చూపిస్తే గందరగోళపడతారు. మూడు మాటలు చాలు: సందు, లోపల, వెనక. నా లోపలి సందులో ఎవడైనా ఉంటే వాణ్ని బ్లాక్ చేస్తాను. సందులో ఎవడూ లేకపోతే, నా లోపలి పక్కవాడి ఎదురుగా ఉన్నవాణ్ని. అక్కడా ఎవడూ లేకపోతే, ఎదుటి లైన్ వెనక నిలబడ్డ లైన్‌బ్యాకర్‌ను. లోపల అంటే బంతి వైపు. తన ఎదురుగా ముక్కు మీద నిలబడ్డవాణ్ని వదిలేయమంటే పిల్లలకు మొదట్లో నచ్చదు. వాణ్ని బయటి నుంచి పక్కవాడు పడగొడతాడని నాలుగుసార్లు చూశాక నమ్మకం కుదురుతుంది.

మొదటి అడుగు లోపలి కాలితో, ఆరంగుళాలకు మించకుండా వేయాలి. పెద్ద అడుగు వేస్తే ఒళ్లు పైకి లేస్తుంది. కబడ్డీలో నిటారుగా నిలబడి పట్టుపట్టేవాడు ఎలా జారిపోతాడో ఇక్కడా అంతే. భుజం తగలాలి, తల పైకెత్తి ఉండాలి, కళ్లు ఎదుటివాడి నడుము మీద ఉండాలి. తలతో గుద్దడం ఎవరు చేసినా అప్పటికప్పుడు సాధన ఆపి సరిదిద్దండి. ఇందులో మినహాయింపు లేదు. పాత చిత్రాల్లో కనిపించే కాళ్ల కిందికి దూకే బ్లాక్‌లను కూడా నేర్పకండి. వాటి మీద ఇప్పుడు కఠినమైన ఆంక్షలున్నాయి, మోకాళ్లు పోతాయి.

ఆఫ్ టాకిల్: మొదట నేర్పేది, చివరిదాకా ఆడేది

సింగిల్ వింగ్‌లో మిగతా ఆటలన్నీ దీని నీడలో పుట్టినవే. బరువు వైపు ఎండ్‌కు బయట సందు తెరవడం దీని పని. కుడివైపు ఆఫ్ టాకిల్‌లో ఒక్కొక్కరి పని ఇదీ.

బరువు వైపు ఎండ్, వింగ్‌బ్యాక్ ఇద్దరూ కలిసి డిఫెన్సివ్ టాకిల్ మీదికి వెళ్తారు. ఎండ్ అతన్ని ముందు నుంచి నిలబెడతాడు, వింగ్‌బ్యాక్ పక్క నుంచి తుంటిని గుద్దుతాడు. తుంటికి తుంటి ఆనించి, మధ్యలో వెలుతురు కనబడకుండా, ఇద్దరూ అతన్ని సెంటర్ వైపు నెట్టుకుంటూ పోవాలి. ఇద్దరి మధ్యలోంచి అతను దూరాడంటే ఎండ్ తొందరపడి లైన్‌బ్యాకర్ కోసం ముందే వదిలేశాడన్నమాట. టాకిల్ రెండు గజాలు వెనక్కి జరిగేదాకా ఎవరూ వదలకూడదు.

బయటి టాకిల్, లోపలి టాకిల్, బరువు వైపు గార్డ్ ముగ్గురూ సందు-లోపల-వెనక నియమం ప్రకారం లోపలికి పడతారు. సెంటర్ స్నాప్ వేసి ఎడమకు, తేలిక వైపు గార్డ్ వదిలిన చోటును మూస్తాడు. తేలిక వైపు ఎండ్ ఒక అడుగు లోపలికి వేసి, వెనక నుంచి తరిమేవాణ్ని ఆపుతాడు. ఇది కంటికి కనిపించే పని కాదు, కానీ టెయిల్‌బ్యాక్ కాలు వెనక నుంచి దొరికిపోయిన ప్రతిసారీ చూడాల్సిన చోటు ఇదే.

బ్లాకింగ్ బ్యాక్ ఎదుటి లైన్ చివర నిలబడే డిఫెన్సివ్ ఎండ్‌ను బయటికి నెట్టేయాలి. దీన్ని లోపలి నుంచి బయటికి చేయాలి. అతను లైన్ వెంట, దాదాపు తనవాళ్ల మడమలు రాసుకుంటూ వెళ్లి, కుడి భుజంతో డిఫెన్సివ్ ఎండ్ లోపలి తుంటిని గుద్దుతాడు. తల సందు వైపు ఉండాలి. చాలామంది పిల్లలు వెనక నుంచి గుండ్రంగా తిరిగి వెళ్తారు, ఎదుటివాడి బయటి భుజం మీదికి చేరతారు. అప్పుడు వాళ్ల బ్లాకే ఎదుటి ఎండ్‌ను సందులోకి నెడుతుంది. నేల మీద సుద్దతో గీత గీసి ఆ గీత మీదే పరుగెత్తించండి. రెండు రోజుల్లో సరవుతుంది.

ఫుల్‌బ్యాక్ రెండోవాడిగా సందులోకి వెళ్లి, మొదట ఎదురైన ఎదుటి జట్టువాణ్ని పడేస్తాడు. డిఫెన్సివ్ ఎండ్ మరీ బలమైనవాడైతే, బ్లాకింగ్ బ్యాక్‌తో కలిసి అతని మీదికే ఫుల్‌బ్యాక్‌ను కూడా పంపండి. పాత కోచ్‌లు ఈ ఇద్దరి దెబ్బను ఎంతో ఇష్టంగా వాడేవాళ్లు.

తేలిక వైపు గార్డ్ స్నాప్‌తో పాటే కుడి మోచేతిని వెనక్కి లాగి, కుడి కాలితో చిన్న అడుగు వేసి, సెంటర్ వెనక నుంచి కుడికి పరుగెత్తుతాడు. ఒంగే ఉండాలి, లైన్‌కు దగ్గరగా ఉండాలి. ఎండ్ వెనక నుంచి సందులోకి తిరిగి, లోపలి వైపు చూస్తూ వెళ్తాడు, ఎందుకంటే లైన్‌బ్యాకర్ వచ్చేది అటునుంచే. బంతి కోసం బయటికి చూస్తే లైన్‌బ్యాకర్ అతని వీపు వెనక నుంచి దాటిపోతాడు.

టెయిల్‌బ్యాక్ బంతి పట్టుకుని పక్కకు రెండు మూడు అడుగులు వేస్తాడు, సగం వేగంతోనే. గార్డ్ సందులో తిరగడం కనిపించగానే కుడి కాలు గట్టిగా ఊని, మైదానానికి నిలువుగా తిరిగి పూర్తి వేగం అందుకుంటాడు. చురుకైన పిల్లలకు ఆ సగం వేగమే పెద్ద చిక్కు. మొదటి అడుగు నుంచే దూసుకుపోతే తన గార్డ్‌నే దాటేసి, ఆ సందులో ఒంటరిగా చిక్కుకుంటాడు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ చోట ఎదుటివాళ్లు డిఫెన్సివ్ టాకిల్, డిఫెన్సివ్ ఎండ్, ఒక లైన్‌బ్యాకర్, అంచును కాచే ఒక కార్నర్, మొత్తం నలుగురు. మనవాళ్లు ఎండ్, వింగ్‌బ్యాక్, బ్లాకింగ్ బ్యాక్, ఫుల్‌బ్యాక్, గార్డ్, మొత్తం ఐదుగురు. మొదట్లో చెప్పిన ఆ అదనపు మనిషి ఈ ఐదోవాడే.

వెడ్జ్

రెండో ఆటగా వెడ్జ్ నేర్పండి. ఒకటి రెండు గజాలు కావాల్సినప్పుడు దీనికి మించింది లేదు. బరువు వైపు గార్డ్ మొన. అతను సూటిగా ముందుకు అడుగేస్తాడు. అటు ఇటు ఉన్నవాళ్లు లోపలికి అడుగేసి, తమ లోపలి భుజాన్ని పక్కవాడి పక్కటెముకల వెనక ఆనించి, అందరూ ఒకే ముద్దగా, చిన్న చిన్న అడుగులతో నడుస్తారు. ఎవరూ ఎదుటివాణ్ని వెతుక్కోరు. ఫుల్‌బ్యాక్ బంతి తీసుకుని మొన వీపుకు ముఖం తగిలేంత దగ్గరగా వెనకే పోతాడు. వెడ్జ్ విడిపోయేది దాదాపు ఎప్పుడూ మొన వేగంగా పోవడం వల్లే. లైన్‌లో ఎవరో ఒకరు పైకి, "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అంటూ అడుగులు లెక్కపెట్టేలా చేయండి. సిగ్గుపడతారు, కానీ అడుగులు కలుస్తాయి.

మిగతా నాలుగు ఆటలు

ఆఫ్ టాకిల్ గట్టిపడితే ఎదుటివాళ్లు దాన్ని ఆపడానికి ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఆ వదిలిన చోటుకో ఆట ఉండాలి, అంతకు మించి అక్కర్లేదు. మొత్తం ఆరు ఆటలు చాలు. ఇరవై ఆటల పుస్తకం పట్టుకున్న పిల్లల జట్టు అన్నిటినీ అరకొరగా ఆడుతుంది.

స్వీప్‌లో మొదలు ఆఫ్ టాకిల్‌లాగే ఉంటుంది. తేడా ఒక్కటే: వింగ్‌బ్యాక్ డిఫెన్సివ్ ఎండ్‌ను బయటి నుంచి లోపలికి మూసేస్తాడు, బ్లాకింగ్ బ్యాక్, ఫుల్‌బ్యాక్, గార్డ్ ముగ్గురూ అంచు చుట్టూ తిరుగుతారు.

రివర్స్‌లో టెయిల్‌బ్యాక్ కుడికి పరుగెత్తుతూ, తన ముందు నుంచి ఎడమకు వస్తున్న వింగ్‌బ్యాక్ చేతిలో బంతి పెడతాడు. బరువు వైపు గార్డ్ ఎడమకు పరుగెత్తి దారి చూపిస్తాడు. వింగ్‌బ్యాక్ ఒక లెక్క ఆగి బయల్దేరాలి. ముందే కదిలితే ఎదుటి లైన్‌బ్యాకర్లు ఆగిపోతారు, ఆటలోని మోసమంతా పోతుంది. బంతి ఇచ్చాక కూడా టెయిల్‌బ్యాక్ చేతులు కడుపుకు అదుముకుని కుడి అంచుదాకా పరుగెత్తాలి. పది గజాల పరుగు వృథా అనుకోవద్దు. ఇద్దరు డిఫెండర్లు ఆ ఖాళీ చేతుల వెనక పడితే మన రివర్స్‌కు ఇద్దరు తగ్గినట్టే.

స్పిన్నర్ మాత్రం నేర్పడానికి సమయం తీసుకుంటుంది. ఫుల్‌బ్యాక్ బంతి పట్టుకుని, ఎడమ కాలి మీద గుండ్రంగా తిరుగుతూ, పక్క నుంచి పోతున్న టెయిల్‌బ్యాక్‌కు ఇస్తున్నట్టు చూపించి, తిరగడం పూర్తయ్యాక సెంటర్ పక్కనుంచి లోపలికి దూసుకుపోతాడు. ఎదుటి గార్డ్‌ను కావాలనే ముందుకు రానిచ్చి, మన గార్డ్ పక్క నుంచి కొడతాడు. మిషిగన్‌లో ఫ్రిట్జ్ క్రైస్లర్ 1947 జట్టు ఈ స్పిన్నర్‌తో చేసిన కనికట్టు వల్లే ఆ కుర్రాళ్లకు పిచ్చి మాంత్రికులని పేరొచ్చింది. ఫుల్‌బ్యాక్ తిరిగేటప్పుడు బంతి కడుపులో దాగి ఉండాలి, తల కింద ఉండాలి. తల పైకెత్తాడంటే బంతి అతని దగ్గరే ఉందని మైదానమంతా తెలిసిపోతుంది.

పరుగెత్తుతూ పాస్. టెయిల్‌బ్యాక్ స్వీప్‌లాగే కుడికి పోతాడు. వింగ్‌బ్యాక్ ఐదు గజాల లోతులో అంచు వైపు, ఎండ్ పన్నెండు గజాల లోతులో మూల వైపు వెళ్తారు. కార్నర్ వెనక్కి తగ్గితే వింగ్‌బ్యాక్‌కు విసరాలి, ముందుకు వస్తే ఎండ్‌కు. ఇద్దరినీ ఎదుటివాళ్లు మూసేస్తే బంతిని ఒంటికి అదుముకుని తనే పరుగెత్తాలి. లైన్‌లోని పిల్లలకు ఒకటి గట్టిగా చెప్పండి: బంతి గాల్లోకి లేవకముందే ముందుకు దాటిపోకూడదు. హైస్కూల్ నియమాల్లో రెండు గజాలు, కాలేజీలో మూడు, ఎన్ఎఫ్ఎల్‌లో ఒకటి. రోజంతా ఎదుటివాళ్లను నెట్టుకుపొమ్మని నేర్పిన పిల్లలు ఈ ఆటలో ఆగడం మరిచిపోతారు. ఈ ఆటకు జెండా పడిందంటే చాలావరకు ఇందుకే.

ఏది చూసి ఏది ఆడాలి

పక్కన నిలబడ్డ కోచ్ బంతిని కాదు, ఒక్క డిఫెన్సివ్ ఎండ్‌నే చూడాలి. అతను బయట నిలబడి వేచి చూస్తుంటే ఆఫ్ టాకిల్. అతను లోపలికి దూకుతుంటే స్వీప్. అతను నిలకడగా ఉన్నా లైన్‌బ్యాకర్లు స్నాప్‌తోనే కుడికి పరుగెత్తుతుంటే రివర్స్. మధ్యలో ఉన్నవాళ్లు ముందుకు దూసుకొస్తుంటే స్పిన్నర్. కార్నర్, అందరికంటే వెనక కాచే సేఫ్టీ ఇద్దరూ పరుగును ఆపడానికి ముందుకు వచ్చేస్తే పాస్.

డిఫెన్స్ మొత్తం బరువు వైపు జరిగిపోయిందనుకోండి. చాలామంది కోచ్‌లు వెంటనే రివర్స్ ఆడతారు. అదీ మంచిదే. అంతకంటే తేలికైన మందు, వచ్చే ఆటకు అమరికను ఎడమకు తిప్పడం. కుడికి జరగడానికి అలవాటుపడ్డ పిల్లలు రెండోసారి సర్దుకునేలోపు బంతి స్నాప్ అయిపోతుంది. ఇందుకోసం లైన్ రెండు వైపులా నిలబడడం మొదటి పది సాధనల్లోనే నేర్పాలి.

మూడో డౌన్‌కు (పది గజాలు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానికి) పన్నెండు గజాలు మిగిలాయంటే క్విక్ కిక్, అంటే ఎదుటివాళ్లు ఊహించకముందే బంతిని దూరంగా తన్నేయడం, గుర్తుంచుకోండి. టెయిల్‌బ్యాక్ బంతి పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసి తక్కువ ఎత్తులో తన్నితే, వెనక అందుకునేవాడు ఎవడూ ఉండడు కాబట్టి బంతి దొర్లుతూ పోతుంది. ఒకే మనిషి పరుగెత్తడం, విసరడం, తన్నడం మూడూ చేయగలగడమే పాత టెయిల్‌బ్యాక్ గొప్పతనం.

మొదటి పది సాధనలు

మొదటి రెండు రోజులూ బంతి స్నాప్, నిలబడే చోట్లు, మొదటి అడుగు, అంతే. మూడు, నాలుగు రోజుల్లో ఆఫ్ టాకిల్ కుడికి: ముందు నడుస్తూ పదిసార్లు, తర్వాత నెమ్మదిగా పరుగెత్తుతూ పదిసార్లు, చివర దిండ్లు పట్టుకున్నవాళ్ల మీద పూర్తి వేగంతో పదిసార్లు. ఐదో రోజు వెడ్జ్. ఆరు, ఏడు రోజుల్లో అమరికను ఎడమకు తిప్పి, నేర్చుకున్న రెండు ఆటలూ మళ్లీ. ఎనిమిదిన స్వీప్, రివర్స్. తొమ్మిదిన స్పిన్నర్. పదిన పాస్. రెండో వారంలో ఏ రోజైనా ఆఫ్ టాకిల్ కనీసం ఇరవైసార్లు ఆడకుండా సాధన ముగించకండి. శరీరాలు తగిలే సాధనకు మీ లీగ్ పెట్టిన సమయ పరిమితిని దాటొద్దు. ఇక్కడ చెప్పిన వాటిలో చాలావరకు దిండ్లతో, నడకతో నేర్పొచ్చు.

మొదటి ఆట రోజున టాస్‌కు ముందు రెఫరీని కలిసి, మీ లైన్ అసమానంగా ఉంటుందని, పాస్ పట్టే అర్హత ఏ ఎండ్‌లకు ఉందో, వింగ్‌బ్యాక్ లైన్ వెనకే నిలబడతాడని చెప్పండి. ఈ అమరికను ఎప్పుడూ చూడని రెఫరీలు చాలామంది ఉంటారు, ముందే చెబితే అనవసరపు జెండాలు తప్పుతాయి. ఆ తర్వాత సెంటర్‌ను పక్కకు తీసుకెళ్లి, టెయిల్‌బ్యాక్‌కు పది, ఫుల్‌బ్యాక్‌కు పది స్నాప్‌లు వేయించండి, ఆ రోజు ఆటలో వాడే బంతితోనే.